పాటకు చందా – పాటకు అద్దె

1

మా పాఠశాల వార్షికోత్సవంలో పదవతరగతి పిల్లలకు పాల్ రాబ్సన్ గొంతు వినిపించాలని ఈ సంవత్సరం నాకొక కోరిక పుట్టింది. పాఠం మధ్యలో ఆయన పేరెత్తడం వేరు, ఆ గొంతు పిల్లల చెవిన పడడం వేరు. ఆ పాటలు నా ఫోనులో ఉన్నాయన్న ధీమాతో ముందురోజు సాయంత్రం స్టాఫ్‌రూములో తెరిచి చూశాను. దాచుకున్నవాటిలో ఒక్కటీ మోగలేదు. నెలనెలా డబ్బు కట్టించుకుని పాటలు వినిపించే సేవ ఒకదానికి రెండేళ్ళుగా నేను చందాదారుణ్ణి. ఆ నెల కట్టడం మరిచాను. రెండేళ్ళు కట్టిన డబ్బుకు నాకు మిగిలింది పాటల పేర్ల పట్టిక ఒక్కటే.

పక్కనే ఉన్న లెక్కల మాస్టారు, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నవ్వి అన్నాడు: "పాటలకు డబ్బు కట్టడమేమిటి మాస్టారూ? ఎక్కడపడితే అక్కడ ఊరికే దొరుకుతుంటేనూ!" ఊరికే దొరికేది ఎవరి కష్టంమీద దొరుకుతున్నదో నేను చెప్పబోయాను. ఈలోగా అతను రెండో ప్రశ్న వేశాడు: "సరే, కట్టారు. మీకేం మిగిలింది? పాడినవాడికేం మిగిలింది?" దానికి ఆ క్షణాన నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి బీరువాలోంచి పాత హార్డ్‌డిస్కు ఒకటి బయటికి తీశాను. అది మా పిన్ని కొడుకుది. 2004లో పైచదువుకు అమెరికా వెళ్ళినవాడు 2005 నుంచి 2009 దాకా అక్కడ ఈమ్యూజిక్ అనే సేవకు చందా కట్టాడు. నెలకు పది డాలర్లకు ఒక్క సెంటు తక్కువ. దానికి నెలకు 40 పాటలు. తిరిగి వచ్చినప్పుడు "అన్నయ్యా, నీకు పనికొస్తాయేమో చూడు" అని ఆ డిస్కు నా చేతిలో పెట్టాడు. అందులో రమారమి 1,900 పాటలున్నాయి. అతను చందా మానేసి పదిహేనేళ్ళు దాటింది. అన్నీ మోగాయి. రాబ్సన్ కూడా మోగాడు.

రెండూ చందాలే. రెండూ చట్టబద్ధమైనవే. ఒకటి మానేసిన మరునాడు చేతులు ఖాళీ. రెండోది మానేసి ఇన్నేళ్ళయినా పాట చెక్కుచెదరలేదు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? పైకి ఇది యంత్రాల తేడాగా కనబడుతుంది. కాని వాస్తవానికి, పాట ఎవరి అధీనంలో ఉండాలన్న ప్రశ్నచుట్టూ పాతికేళ్ళకు పైగా జరిగిన ఘర్షణ తాలూకు ఫలితం ఇది. చందాలమీద పత్రికలు నడుపుకుంటూ వస్తున్న మనబోటి వాళ్ళకు ఆ ఘర్షణ చరిత్ర తెలియడం అవసరమని నేను భావిస్తున్నాను.

2

చందా పద్ధతి సంగీతానికి కొత్తది కాదు. రాజాస్థానాల ప్రాపకం సడలి, మార్కెట్టు ఇంకా కాళ్ళూనని సంధికాలంలో అది ఐరోపా సంగీతకారులను ఆదుకున్నది. 1784లో వియన్నాలో మోట్సార్ట్ తన కచేరీలకు ముందుగానే చందాలు సేకరించాడు. తండ్రికి రాసిన ఉత్తరంలో 170కి పైగా చందాదారుల పేర్లు వరుసగా రాసి పంపాడు. 1795లో బీథోవెన్ తన మొదటి రచనగా అంకె వేసుకున్న మూడు వాద్యత్రయాలను చందాలమీదనే అచ్చువేయించాడు. ఆ జాబితాల నిండా ప్రభువులూ వాళ్ళ చుట్టాలే అన్నమాట నిజమే. అయినా ఒక్క ప్రభువు దయమీద బతకడం వేరు, నూటడెబ్బైమంది ముందుగా ఇచ్చిన పైకంమీద బతకడం వేరు. ఒకే వాకిట చేతులు కట్టుకు నిలబడే అగత్యం తప్పింది. కృతిభర్తల కాలం నుంచి పాఠకుల కాలం దాకా మన కవులు నడిచివచ్చిన దారి తెలిసినవారికి ఈ మార్పు విలువ విప్పిచెప్పనక్కరలేదు.

గ్రామఫోను వచ్చాక పాట గాయకుణ్ణి వదిలి విడిగా తిరగగల సరుకయింది. సరుకయ్యాక దాన్ని తయారుచేసే యంత్రాలూ, అమ్మే దుకాణాలూ, వినిపించే రేడియోలూ కొద్దిమంది చేతుల్లోకి పోయాయి. ఆ కొద్దిమందికి ఇష్టంలేని గొంతు గతి ఏమవుతుంది? దీనికి జవాబు రాబ్సన్ జీవితంలోనే ఉన్నది. 1950లో అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు రద్దుచేసింది. 1958లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా తిరిగి ఇవ్వలేదు. స్వదేశంలో కచేరీ మందిరాలు తలుపులు మూసుకున్నాయి. పెద్ద రికార్డు కంపెనీలు మొహం చాటేశాయి. అప్పుడాయన మిత్రులతో కలిసి ఒథెల్లో అనే పేరుతో సొంత రికార్డు సంస్థ పెట్టుకున్నాడు. అంగళ్ళు అమ్మని ఆ రికార్డులు కార్మికసంఘాల ద్వారా, నల్లజాతి చర్చిల ద్వారా, టపా ద్వారా జనానికి చేరాయి.

"స్వతంత్ర సంగీతం" అనే మాటకు నేను చెప్పుకునే అర్థం ఇది. ఈనాటి కుర్రకారు "ఇండీ" అని ముద్దుగా పిలిచేది ఒక బాణీని కాదు, ఒక సంబంధాన్ని. పెద్ద కంపెనీ అనుమతి లేకుండా పాడినవాడూ విన్నవాడూ ఒకరినొకరు నిలబెట్టుకోవడమే ఆ సంబంధం.

అదే కాలంలో ఇంకొక ప్రయత్నం జరిగింది. 1948లో న్యూయార్కులో మోజెస్ ఆష్, మారియన్ డిస్ట్లర్ కలిసి ఫోక్‌వేస్ అనే చిన్న సంస్థను స్థాపించారు. ఊడీ గత్రీ, లెడ్‌బెల్లీ, పీట్ సీగర్ వంటి ప్రజాగాయకుల పాటలకు అది ఆశ్రయమిచ్చింది. ఆష్ ఒక పట్టు పట్టాడు: ఏడాదికి ఎన్ని తక్కువ ప్రతులు అమ్ముడైనా సరే, ఒకసారి వెలువరించిన రికార్డును జాబితాలోంచి తీసివేయకూడదు. వాడుక తక్కువని ఒక అక్షరాన్ని నిఘంటువులోంచి తీసేయం కదా అన్నది ఆయన వాదం. 1986లో ఆయన చనిపోయేనాటికి ఆ జాబితా 2,000 దాటింది. మరుసటి ఏడాది స్మిత్‌సోనియన్ సంస్థ దాన్ని స్వీకరించింది. అన్ని రికార్డులనూ అందుబాటులో ఉంచాలన్నది అందుకు షరతు. లాభానికి లొంగని జాబితా ఒకటి ఉండగలదని ఫోక్‌వేస్ నిరూపించింది. కాని అడిగినవాడికల్లా ఒక్కొక్క రికార్డు అచ్చొత్తి, అట్టపెట్టెలో పెట్టి, టపాలో పంపడమనే శ్రమ మాత్రం తప్పలేదు.

3

ఆ శ్రమను తప్పించే సాధనం జర్మనీలో తయారైంది. ధ్వనిలో మనిషి చెవి పట్టించుకోని భాగాలను వదిలివేసి, మిగిలినదాన్ని దాదాపు పదోవంతు పరిమాణంలోకి కుదించే పద్ధతిని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు రూపొందించారు. 1995లో దానికి ఎంపీత్రీ అనే తోకపేరు స్థిరపడింది. టెలిఫోను తీగమీద వచ్చే ఇంటర్నెట్టు ఎంత నత్తనడకదైనా ఒక పాట అందులోంచి రాగల స్థితి ఏర్పడింది.

ఈ సాధనాన్ని ముందుగా అందిపుచ్చుకున్నది పెద్ద కంపెనీలు కావు. అది గమనార్హం. అంతకుముందే, 1993లో, కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కంపెనీలు చేరదీయని బృందాల పాటలకోసం ఇంటర్నెట్టులో ఒక భాండాగారాన్ని ప్రారంభించారు. 1997లో ఎంపీత్రీ డాట్‌కామ్ వచ్చింది. 1998 జనవరిలో జీన్ హాఫ్‌మన్, బాబ్ కోన్ అనే ఇద్దరు గుడ్‌నాయిస్ అనే సంస్థను పెట్టారు. కోన్ సంగీతపు హక్కుల చట్టంలో ఆరితేరినవాడు. గాయకులతో, చిన్న సంస్థలతో లిఖితపూర్వకంగా ఒప్పందం చేసుకుని, వాళ్ళ పాటలను డబ్బుకు డౌన్‌లోడుగా అమ్మడం వాళ్ళ పద్ధతి. అదే సంవత్సరం ఫ్రాంక్ బ్లాక్ అనే రాక్ గాయకుడి ఆల్బం అక్కడ అమ్మకానికి వచ్చింది. చట్టబద్ధంగా డౌన్‌లోడు రూపంలో అమ్ముడైన తొలి ఆల్బం అదేనని ఆ సంస్థ చాటుకున్నది. 1999లో గుడ్‌నాయిస్ తన పేరును ఈమ్యూజిక్‌గా మార్చుకున్నది. శాంతాక్రజ్ విద్యార్థుల భాండాగారాన్ని కూడా ఆ ఏడే తనలో కలుపుకున్నది.

ఆనాడు ప్రపంచ సంగీత వ్యాపారాన్ని ఏలుతున్న అయిదు కంపెనీలు ఏం చేశాయి? కోర్టుకెక్కాయి. 1998లో రియో అనే జేబు పరిమాణపు యంత్రం బజారులోకి రాగానే, దాని అమ్మకం ఆపించమని వాటి సంఘం దావా వేసింది. 1999లో ఆ దావా వీగిపోయింది. ఆ ఏడాదే నాప్‌స్టర్ వచ్చింది. ఒకరి కంప్యూటరులోని పాటను ఇంకొకరు ఊరికే తీసుకోగల ఏర్పాటు అది. దానిమీదా దావా పడింది. 2001 జూలైలో అది మూతపడింది.

నాప్‌స్టర్ గురించి అభ్యుదయవాదుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. పాట ప్రజలది, దాన్ని ప్రజలు పంచుకుంటే దొంగతనమెలా అవుతుందని కొందరు మిత్రులు వాదిస్తారు. ఆ వాదంలోని ఆవేశాన్ని నేను గౌరవిస్తాను. కాని అది సగం సత్యం. ఊరికే పంచుకోవడంవల్ల గుత్త కంపెనీకి లాభంలో కొంత తగ్గుతుంది. చిన్నగాయకుడికి తిండిలో తగ్గుతుంది. ఇద్దరి నష్టాన్నీ ఒకే తక్కెడలో తూచలేము. ఇక చట్టమో? అది కూడా తటస్థంగా లేదు. ఎంపీత్రీ డాట్‌కామ్‌మీద యూనివర్సల్ కంపెనీ దావా వేసి 2000లో గెలిచి, 5 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. మరుసటి ఏడు ఆ సంస్థనే యూనివర్సల్ మాతృసంస్థ వివెండి కొనేసింది. 2003లో మళ్ళీ అమ్మేసింది. ఆ చేతులు మారడంలో చిన్న గాయకులు అక్కడ పెట్టుకున్న లక్షలాది పాటలను తొలగించారు. ఉచితంగా తీసుకున్నవాడూ చిన్నగాయకుణ్ణి కాపాడలేదు, చట్టం చేతపట్టినవాడూ కాపాడలేదు. మధ్యలో ఒక మూడో దారి అవసరమైంది.

4

ఆ మూడో దారి 2000 జూలైలో తెరుచుకున్నది. ఈమ్యూజిక్ నెలచందా పద్ధతి పెట్టింది. ఏడాదికి ఒప్పుకుంటే నెలకు 9 డాలర్ల 99 సెంట్లు. ఎన్ని పాటలైనా దింపుకోవచ్చు. ఫైలుకు తాళం లేదు. ఏ యంత్రంలోనైనా మోగుతుంది; చందా మానేసినా మోగుతుంది. అయిదు పెద్ద కంపెనీలు ఈ షరతుకు ఒప్పుకోలేదు కనుక అక్కడ దొరికేవన్నీ చాలావరకు చిన్న సంస్థల పాటలే. పెద్దలు రానని భీష్మించడంవల్లనే అది స్వతంత్ర సంగీతపు అంగడి అయిందన్నమాట.

పెద్దల సొంత సేవలు 2001 డిసెంబరులో వచ్చాయి. ఒకటి మ్యూజిక్‌నెట్, రెండోది ప్రెస్‌ప్లే. మ్యూజిక్‌నెట్ చందాదారుడు దింపుకున్న పాటకు ఆయుష్షు 30 రోజులు. ఆ తరువాత అది మోగదు. మళ్ళీ కట్టాలి, మళ్ళీ దింపుకోవాలి. 2003 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ దుకాణం తెరిచి, పాటకు 99 సెంట్ల చొప్పున అమ్మింది. అదీ తాళంతోనే. పెట్టుబడి దృష్టిలో వినేవాడు ఎన్నడూ నమ్మదగినవాడు కాడు. డబ్బిచ్చి కొన్నవాడు కూడా దొంగ కాగల మనిషే. ఈమ్యూజిక్ తాళం లేని ఫైలు ఇవ్వడం ఒక వ్యాపారపు ఎత్తుగడే కావచ్చు. అయినా అందులో శ్రోతమీద ఒక విశ్వాసం ఉన్నది. చందాకు ప్రాణం అదే.

అయితే ఈమ్యూజిక్‌ను నేను ఆదర్శంగా నిలబెట్టబోవడం లేదు. 2001లో దాన్ని కూడా వివెండి కొన్నది. 2003లో డైమెన్షనల్ అసోసియేట్స్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మింది. కొత్త యజమాని "ఎన్ని పాటలైనా" అన్నమాట రద్దుచేసి, అదే 9 డాలర్ల 99 సెంట్లకు 40 పాటలని కట్టడి పెట్టాడు. పాత చందాదారులు గగ్గోలుపెట్టారు. కాని ఇక్కడ కొంచెం ఆలోచించాలి. చందాలన్నీ ఒకచోట పోగుచేసి, గాయకుల సంస్థల వాటాను పాటలు దిగిన సంఖ్యనుబట్టి పంచే ఏర్పాటు అది. దింపుకోవడానికి హద్దు లేకపోతే సంఖ్య పెరుగుతుంది, పోగు పెరగదు. ఒక్కొక్క పాటకు పడేది కరిగి కరిగి చిల్లరవుతుంది. "అపరిమితం" అనే మాట వినేవాడికి ఉదారంగా వినిపిస్తుంది, పాడేవాడి కడుపుమీద కొడుతుంది. 40 అనే హద్దు గాయకుడికి ఎంతో కొంత మేలే చేసింది. ఈ సంగతి తరువాతి కాలంలో మరింత తేటపడుతుంది.

హద్దు చందాదారుడి స్వభావాన్ని కూడా మార్చింది. మా తమ్ముడు చెప్పేవాడు: నెలాఖరుకు వాడని పాటలు మురిగిపోతాయి. ఇరవై ఎనిమిదో తారీకు వచ్చేసరికి పదో పన్నెండో మిగిలేవి. తెలిసినవన్నీ అయిపోయాయి కనుక తెలియనివాటి జోలికి పోకతప్పేది కాదు. అట్లా థెలోనియస్ మంక్ పియానో అతని చెవిన పడింది. అట్లా ఫోక్‌వేస్ పాత జాబితాలోని లెడ్‌బెల్లీ వచ్చాడు. ఇరవై నిమిషాల రచన అయినా రెండు నిమిషాల పాట అయినా లెక్కలో ఒకటే కనుక, పొదుపుకోసం పెద్ద రచనలు దింపుకున్నాననీ, ఆ పొదుపే తనకు సంగీతం నేర్పిందనీ నవ్వుతూ అనేవాడు. నెలకు నలభై ఎంచుకోవడమంటే నలభైసార్లు ఆలోచించడం. గ్రంథాలయంలో ఒకసారికి రెండు పుస్తకాలే ఇచ్చే రోజుల్లో మనం పుస్తకాన్ని ఎట్లా ఎంచుకున్నామో గుర్తుచేసుకోండి.

2006 డిసెంబరు నాటికి 10 కోట్ల పాటలు దిగాయని ఆ సంస్థ ప్రకటించింది. పెద్ద కంపెనీల పాట ఒక్కటీ లేకుండా, ఒక్క తాళమూ వేయకుండా జరిగిన అమ్మకం ఇది. జనానికి మరుగునపడిన పాటలు అక్కరలేదనే వ్యాపారుల సిద్ధాంతానికి అది గట్టి సమాధానం.

5

పెట్టుబడి తనకు లొంగనిదాన్ని మొదట వెక్కిరిస్తుంది, తరువాత కోర్టుకీడుస్తుంది, చివరకు లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఈమ్యూజిక్ విషయంలో ఆ మూడో అంకం 2009లో మొదలైంది.

ఆ ఏడు సోనీ కంపెనీ పాత పాటలు ఈమ్యూజిక్‌లో ప్రవేశించాయి. దాంతోపాటే రేట్లు పెరిగాయి. ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళ పాత పథకాలు రద్దయ్యాయి. మా తమ్ముడి 40 పాటలు అప్పుడే పోయాయి; అతను చందా మానేశాడు. "అడగని చుట్టం వచ్చాడు, అతని భోజనం ఖర్చు మా విస్తట్లోంచి తీశారు" అన్నాడు నాతో. చరిత్ర చేసే పరిహాసం చూడండి: అదే 2009లో ఆపిల్ సంస్థ తన పాటలన్నిటికీ తాళాలు తీసేస్తున్నట్లు ప్రకటించింది. చిన్నవాళ్ళు పదకొండేళ్ళు నిలబడి చెప్పిన సూత్రం గెలిచింది. సూత్రం గెలిచిన ఏడే సూత్రధారి ఓడిపోవడం మొదలుపెట్టాడు.

2010 నవంబరులో అందరికంటే పెద్దదైన యూనివర్సల్ వచ్చింది. పాటల సంఖ్యతో లెక్కించే పద్ధతి పోయి, డాలర్లతో లెక్కించే పద్ధతి వచ్చింది. ఆ నెలలోనే మెర్జ్, డొమినో, బెగ్గర్స్ బృందం వంటి ప్రముఖ స్వతంత్ర సంస్థలు ఈమ్యూజిక్ నుంచి తప్పుకున్నాయి. వీటిలో మెర్జ్ 1989లో సూపర్‌చంక్ అనే బృందంలోని ఇద్దరు సంగీతకారులు తమ పాటలకోసం తామే పెట్టుకున్నది. అంగడిని నిలబెట్టినవాళ్ళు బయటికి నడిచారు. పదేళ్ళు అంగడిని ఈసడించినవాళ్ళు లోపల గద్దెమీద కూర్చున్నారు. 2014లో ఆ సంస్థ పెద్ద కంపెనీల పాటలన్నీ తీసివేసి తిరిగి స్వతంత్ర సంగీతానికే పరిమితమవుతామన్నది. అప్పటికి కాలం మించిపోయింది. 2015లో అది మరొక యజమాని చేతికి పోయింది.

ఎందుకిట్లా జరిగింది? యాజమాన్యపు తెలివితక్కువతనమని వ్యాపార పత్రికలవాళ్ళు తేల్చేయవచ్చు. నాకట్లా తోచదు. ఆ అంగడిని నింపింది గాయకులు, పోషించింది చందాదారులు. కాని దాన్ని అమ్మే హక్కు, మార్చే హక్కు, తలుపు ఎవరికి తెరవాలో నిర్ణయించే హక్కు ఈ ఇద్దరిలో ఎవరికీ లేదు. పంటా వాళ్ళది, కూలీ వాళ్ళది, పట్టా మాత్రం ఇంకొకరిది. పట్టా చేతులు మారిన ప్రతిసారీ రైతు బతుకు మారడం మన పల్లెలకు తెలియని సంగతా?

ఈ మాటకు రుజువుగా మరొక ఉదాహరణ ఉన్నది. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ గాయకుడు నేరుగా తన పాటను అమ్ముకునే వేదిక. సాధారణంగా డౌన్‌లోడ్ అమ్మకంమీద 15 శాతం తాను తీసుకుని మిగిలింది గాయకుడికి ఇస్తుంది. ఫైలుకు తాళం లేదు. 2020 మార్చిలో కరోనావల్ల కచేరీలు ఆగిపోతే, ఒక శుక్రవారం తన వాటా వదులుకుని ఆ తరువాత అనేక శుక్రవారాలు అదే కొనసాగించింది. నిజంగా మెచ్చుకోదగిన పని. 2022లో దాన్ని ఎపిక్ గేమ్స్ అనే వీడియో ఆటల కంపెనీ కొన్నది. 2023లో ఉద్యోగులు యూనియన్ పెట్టుకున్నారు. ఆ ఏడాదే దాన్ని సాంగ్‌ట్రాడర్ అనే సంస్థకు అమ్మారు. ఆ మార్పులో దాదాపు సగంమంది ఉద్యోగాలు పోయాయి. వేదిక ఇంకా నడుస్తున్నది, గాయకులకు ఇంకా ఉపయోగపడుతున్నది. కాని పట్టా ఎవరిదన్న ప్రశ్న అక్కడా తెగలేదు.

6

ఈలోగా చందా అనే మాటకే అర్థం మారిపోయింది. 2008 అక్టోబరులో స్వీడన్ దేశపు స్పాటిఫై మొదలైంది. 2019 ఫిబ్రవరిలో మనదేశానికి వచ్చింది. ఇట్లాంటి సేవల్లో పాట మన దగ్గరకు రాదు. మనమే దాని దగ్గరకు పోయి, విన్నంతసేపు విని, తిరిగి వస్తాం. ఫోనులో దాచుకున్నట్లు కనబడేది కూడా తాళం వేసిన ప్రతి. నెల కట్టకపోతే మ్యూజిక్‌నెట్ 30 రోజుల పాటకు పట్టిన గతే. 2001లో జనం తిరస్కరించిన ఏర్పాటు కొత్త చొక్కా తొడుక్కుని ఇంటింటికీ వచ్చింది. ఈసారి మనం కాదనలేదు. "అపరిమితం" అన్న మాట అంత తీయనిది.

లెక్కల మాస్టారు వేసిన రెండో ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. ఈ సేవల్లో సాధారణంగా చందాలన్నీ ఒకే కుండలో పడతాయి. మొత్తం వినికిళ్ళలో ఎవరి పాటలకు ఎంత వంతో ఆ ప్రకారం కుండలోంచి పంపకం జరుగుతుంది. నేను నెలంతా ఒక్క పల్లె గాయకుడి పాటే విన్నాననుకోండి. నా డబ్బు అతనికి పోదు. కుండలోకి పోతుంది. దేశమంతా కోట్లసార్లు మోగిన పాటల యజమానులు దానిలో పెద్ద గరిటె పెడతారు. అతనికి దక్కేది అడుగంటిన మెతుకులు. 2024 నుంచి స్పాటిఫై ఇంకొక నిబంధన పెట్టింది: గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు మోగని పాటకు రికార్డింగు రాయల్టీ అసలే లేదు. తక్కువ వాడే అక్షరాన్ని నిఘంటువులోంచి తీసేయకూడదన్న మోజెస్ ఆష్ సూత్రానికి ఇది సరిగ్గా తలకిందులు.

కుండ పద్ధతికి బీజం ఈమ్యూజిక్‌లోనే ఉన్నదని ఇందాకే చెప్పాను. దాన్ని దాచడం చరిత్రకు ద్రోహం. కాని అక్కడ హద్దు ఉండేది, ఎంపిక ఉండేది, చివరకు వస్తువు చేతిలో మిగిలేది. ఆ మూడూ పోయాక మిగిలినదానికి చందా అనే పేరు తగదు. అది అద్దె. చందా అంటే ఒక పని సాగాలని కోరి ముందుగా ఇచ్చేది. అద్దె అంటే ఇంట్లోంచి వెళ్ళగొట్టకుండా ఉండడానికి ఇచ్చేది.

7

ఈ చరిత్రంతా సముద్రాలవతల జరిగింది, మనకేమిటని అడిగేవారుంటారు. మనకూ ఇట్లాంటి ఘట్టమే ఒకటి గడిచింది. ఈ దేశంలో దశాబ్దాలపాటు పాటమీద పెత్తనం గ్రామఫోను కంపెనీది. 1980లలో క్యాసెట్టు ఆ పెత్తనాన్ని బద్దలుకొట్టింది. నా చిన్నతనంలో మా తాలూకా కేంద్రంలో రికార్డింగ్ సెంటరు ఒకటుండేది. చీటీమీద పాటల పేర్లు రాసిస్తే ఖాళీ క్యాసెట్టులో నింపి ఇచ్చేవాడు. అది దొంగపనే. కాని అదే యంత్రంమీద ప్రజానాట్యమండలి పాటలు, జననాట్యమండలి పాటలు ఊరూరా తిరిగాయి. ఏ కంపెనీ అచ్చువేయని గొంతులు సభల దగ్గర దుప్పటి పరిచి అమ్మిన క్యాసెట్ల ద్వారా మా ఇళ్ళకు వచ్చాయి. రాబ్సన్ రికార్డులు కార్మికసంఘాల ద్వారా చేరిన పద్ధతి సరిగ్గా ఇదే.

అట్లా కొన్న క్యాసెట్లు రెండు నా దగ్గర ఉన్నాయి. వాటికి బూజు పట్టింది. ఆ పాటలే ఇప్పుడు ఎవరెవరో ఎక్కడెక్కడో ఎక్కించినవి, మధ్యలో ప్రకటనలతో, రాసినవాడి పేరులేకుండా వినబడుతున్నాయి. పాట ప్రజలదే అన్న మనం, ప్రజల పాటను దాచే చోటును మాత్రం కంపెనీలకు వదిలేశాం.

వేరే దారి లేదా? ఉన్నది. అమెరికాలో, ఐరోపాలో స్వేచ్ఛాసంగీతకారులు కొందరు 2012లో కెటాలిటిక్ సౌండ్ అనే సహకార సంస్థను ఏర్పాటుచేసుకున్నారు. 2021లో సొంతంగా నెలచందా సేవ కూడా ప్రారంభించారు. సభ్యులు ముప్పైమంది చిల్లర. వచ్చిన ఆదాయం సభ్యులే పంచుకుంటారు. అక్కడ ప్రపంచంలోని పాటలన్నీ దొరకవు. అన్నీ ఇస్తామని వాళ్ళూ చెప్పరు. చిన్నదే, కాని పట్టా పాడేవాళ్ళ పేరున ఉన్నది. కథా సంకలనాలు చందాలమీద వేసుకుంటున్న మన రచయితల సంఘాలు, పాటల విషయంలో ఈపాటి పని చేయలేవా? గాయకుల అనుమతితో, రాసినవారి పేర్లతో, తాళం లేని ఫైళ్ళుగా, వంద రూపాయల చందాకు మన పాటలను మనమే అందించుకోలేమా? సాంకేతికమైన అడ్డంకి ఏనాడో తొలగింది. మిగిలింది సంకల్పం.

వార్షికోత్సవం నాడు హార్డ్‌డిస్కులోని రాబ్సన్‌ను మైకు ముందు పెట్టి వినిపించాను. కర్త పేరు తెలియని నల్లజాతి బానిసల పాట అది, 1940లలో రికార్డయింది. పిల్లలు మొదట గుసగుసలాడారు, తరువాత నిశ్శబ్దమయ్యారు. కార్యక్రమం ముగిశాక పదవతరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "సార్, ఆ పాట నాకు ఇస్తారా?" అని అడిగింది.

మన చట్టం ప్రకారం రికార్డుమీద హక్కు అది వెలువడిన 60 ఏళ్ళకు తీరిపోతుంది. ఆ పాటను చట్టం ఎప్పుడో ప్రజల చేతికి అప్పగించింది. అయినా నా ఫోనులోని అద్దె ప్రతిని నేను ఆ పిల్లకు ఇవ్వలేను. దాని తాళం నాది కాదు. చట్టం విడుదల చేసిన పాటను కూడా అద్దె విడుదల చేయదు. మా తమ్ముడు చందా కట్టి తెచ్చుకున్న పాట మాత్రం నా చేతిలో ఉన్నది.

మరునాడు ఆమె వాళ్ళ నాన్న ఫోను తెచ్చింది. పాట ఎక్కించి ఇచ్చాను. లెక్కల మాస్టారు పక్కనే ఉన్నాడు. ఈసారి తనకూ ఒక ప్రతి కావాలన్నాడు.